కోతి తాత దత్తబిడ్డ

"ఇవాళ చేప బాలేదు, కొనకండి" అని ఆషాన్ చెప్పిన రోజున హైవెయ్ అనే ఊరి రేవులో అతని చేప ఉండల కొట్టు ముందు జనం బారులు తీరేవారు.

నిజంగానే బాగుండేది కాదు. పడవలు ఆలస్యంగా వచ్చి, మలుగు చేప ఎండకి వాడిపోయి, రోట్లో ఎంత దంచినా కండ జిగురెక్కేది కాదు. చేతిలో ఉండ చేసి వేడినీళ్ళలో వేస్తే తేలకుండా అడుగున చతికిలబడేది. ఉన్నమాటే చెప్పేవాడు. వినేవాళ్ళు మాత్రం ఒకరికొకరు కన్ను గీటుకునేవాళ్ళు. "చూశావా, మంచి సరుకు ఎవరికో దాచాడు. మనల్ని పంపించేద్దామని చూస్తున్నాడు" అనుకుంటూ కుండ అడుగు కనపడేదాకా కొనుక్కుపోయేవాళ్ళు. మర్నాడు కడుపు పట్టుకుని వచ్చి మళ్ళీ అతన్నే మెచ్చుకునేవాళ్ళు. "కొనొద్దంటే కొంటామని ముందే కనిపెట్టాడు. ఏం బుర్రరా నీది."

పోనీ బాగుందని చెప్తే? "అయితే ఇందులో ఏదో ఉంది" అని పక్క కొట్టుకి పోయేవాళ్ళు. చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి ఏమీ చెప్పడం మానేశాడు. దాంతో ఊళ్ళో అతని పేరు ఇంకా పెరిగింది. ఇప్పుడు నోరు కూడా విప్పకుండా ముంచుతున్నాడని.

కోతి తాత దత్తబిడ్డ కదా మరి. వాడు నిజం చెబుతాడంటే ఎవరు నమ్ముతారు?

ఆ ఊళ్ళో కోతి తాత గుడి రేవు మెట్ల పక్కనే ఉంటుంది. తాత ఒక చేత్తో టీ కెటిల్ పట్టుకుని, ఒక కన్ను మూసి కూర్చుంటాడు. పూర్వం ఊళ్ళకి రోగాలు మోసుకొచ్చే ఐదుగురు మహమ్మారి దొరలు నల్ల తెరచాప పడవేసుకుని ఈ రేవుకి వచ్చారట. తాత ముసలి టీ కొట్టువాడి వేషం వేసుకుని మెట్ల మీద కూర్చుని ఘొల్లుమన్నాడట. "ఆలస్యంగా వచ్చారు బాబూ. పోయిన వారమే ఇంకో ఐదుగురు దొరలొచ్చి అందర్నీ తీసుకుపోయారు. నేనొక్కణ్ణే మిగిలాను, అది కూడా నా గజ్జి చూసి వాళ్ళకి అసహ్యం వేసి" అని గోక్కుంటూ, అదే చేత్తో టీ పోసి ఇచ్చాడట. దొరలు కప్పు కూడా ముట్టకుండా పడవ వెనక్కి తిప్పారు. అప్పణ్ణించీ తాతంటే దయ్యాలకి హడల్. కొట్టేవాడంటే కాదు భయం, ఎటువైపు నించి మోసం చేస్తాడో తెలియనివాడంటేనే భయం.

అందుకే హైవెయ్‌లో పసిబిడ్డకి ఒంట్లో బాగోకపోతే తాతకి దత్తత ఇస్తారు. బిడ్డ మణికట్టుకి ఎర్రతాడు కడతారు, ఎదిగేకొద్దీ ముడి వదులు చేస్తారు. పదహారేళ్ళు నిండాక సన్న సేమ్యాలూ బాతుగుడ్లూ వేరుశనక్కాయలూ పట్టుకెళ్ళి, ఇన్నాళ్ళూ కాపాడావు, ఇక మా బిడ్డని మాకు ఇచ్చెయ్యి అని అడుగుతారు. తాత జవాబు నెలవంక చెక్కల్లో తెలుస్తుంది. రెండు చెక్కలు, ఒక్కోదానికి ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. నేలమీద వేస్తే ఒకటి చదునుగా ఒకటి ఉబ్బుగా పడితే సరేనన్నట్టు. రెండూ ఉబ్బు పైకి పడితే కాదన్నట్టు. రెండూ చదును పైకి పడి అటూ ఇటూ ఊగాయంటే తాత నవ్వుతున్నట్టు. నవ్వితే ఇంక ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు.

ఆషాన్ విషయంలో తాత నవ్వాడు.

అతని తల్లి లాన్‌జీకి అంతకుముందు ముగ్గురు మగపిల్లలు పుట్టి పొత్తిళ్ళలోనే పోయారు. ఏదో దయ్యం ఆ గడప రుచి మరిగిందన్నారు ఊరివాళ్ళు. నాలుగోవాడు ఆషాన్ పుట్టి, నెల తిరక్కుండా జ్వరం తగిలేసరికి, లాన్‌జీ పిల్లాణ్ణి చేపల గంపలో పెట్టుకుని, పైన నాచు కప్పి గుడికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి పిల్లాడి చేతికి ఎర్రతాడు ఉంది. ఆ రోజునించీ వాణ్ణి కొడుకా అని పిలవలేదు. "ఒరేయ్ పక్కింటోడా" అనేది. తనని అమ్మా అని పిలవనివ్వలేదు. ఆషాన్ ఆమెని పిన్నీ అన్నాడు. దయ్యం వింటే, ఈవిడకి పిల్లల్లేరు, ఈ కుర్రాడెవరో తిండి తినిపోవడానికొచ్చాడు అనుకోవాలన్నమాట. చుట్టుపక్కల ఇళ్ళల్లోనూ ఇలా పిలిపించుకున్న తల్లులు ఉండేవారు. కాకపోతే పిల్లలు కాస్త ఎదిగాక మానేసేవారు. లాన్‌జీ మానలేదు. ఆషాన్‌కి నలభై దాటినా అతను పక్కింటివాడే.

పదహారేళ్ళప్పుడు గుడికి వెళ్ళే రోజున లాన్‌జీ నడుం నొప్పని మంచం దిగలేదు. తండ్రి అప్పటికే లేడు. గుడి చూసుకునే దింగ్ మావయ్యే ఆషాన్‌ని వెంటబెట్టుకుని చెక్కలు వేశాడు. రెండు చెక్కలూ చదును పైకి పెట్టి ఊగుతూ కూర్చున్నాయి. మళ్ళీ వేశాడు. మళ్ళీ నవ్వు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే లాన్‌జీ కూడా నవ్వింది. సేమ్యాల గిన్నె అతని ముందుకి తోసి, "చల్లారిపోతోంది, తిను" అంది.

ఆ తరవాత ప్రతి ఏడూ తాత పుట్టినరోజున అడిగేవాడు. తాత ప్రతి ఏడూ నవ్వేవాడు. ఊరు దానికి అర్థం చెప్పేసుకుంది: తాతకి ఈ పిల్లాడు తెగ నచ్చాడు, వదలడు.

దానికి తగ్గట్టే ఊళ్ళో విచిత్రాలు జరిగేవి. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి వీధివీధంతా దండేల మీది లాగులు ఇళ్ళు మారిపోయి ఉండేవి. మంగలి కొట్టు బోర్డు మాంసం కొట్టుకి వేలాడేది. సారా కొట్టు హొంగ్‌ఫా జాడీ మూత తీస్తే లోపల ఉప్పునీళ్ళు. అందరూ ఆషాన్ దగ్గరకే వచ్చేవాళ్ళు, కోపంగా కూడా కాదు, ముసిముసిగా. "నేను కాదు" అంటే వాళ్ళకి ఇంకా నవ్వు. చెయ్యని పనులకి క్షమాపణ చెప్పడం అలవాటైపోయింది అతనికి. ఒక దశలో తనకే అనుమానం వచ్చింది, నిద్రలో లేచి తిరుగుతున్నానా అని. కాలిని మంచం కోడుకి తాడుతో కట్టుకుని పడుకున్నాడు. పొద్దున చూస్తే తాడు ఉంది కానీ, ముడి వేరేలా ఉంది. అది చూశాక ఆషాన్ చాలా రోజులు ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడలేదు. తనలోపల ఇంకొకడున్నాడు. వాడెవడో, ఎలా ఉంటాడో ఒక్కసారి చూడాలనిపించేది.

ఇలాంటి మనిషి దగ్గరకి సూయున్ వచ్చింది.

సూయున్ది తేయాకు కొండల వైపు. సముద్రం మీదికి పోయేవాణ్ణి చేసుకుని హైవెయ్ వచ్చింది. ఒక తుఫానులో పడవ తిరిగి రాలేదు. పుట్టింటికి పోకుండా రేవులోనే టోఫు చేసి అమ్ముకుంటోంది. అన్నీ అడుగుతుంది. అల ఎందుకు తిరిగొస్తుంది, ఆల్చిప్పల గోడకి సున్నం ఎందుకు అక్కర్లేదు, మీ తాత మూసిన కన్ను ఎడమదేనెందుకు. ఒకరోజు గిన్నె పట్టుకుని ఆషాన్ కొట్టు ముందు నిలబడింది.

"చేప ఎలా ఉంది?"

చాలా రోజులకి ఎవరో అడిగారు కదా అని నిజం చెప్పాడు. "బాలేదు."

"సరే" అని ఖాళీ గిన్నెతో వెళ్ళిపోయింది.

ఆషాన్ రోకలి పక్కన పెట్టి, ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాడు. తన మాట విని, విన్నట్టే నడుచుకున్న మనిషిని అతను చూడటం అదే మొదటిసారి.

ఏడాది తిరిగేసరికి ఇద్దరూ పెళ్ళి అనుకున్నారు. అప్పుడు సూయున్ ఒక్క మాట అంది. "నా మొదటి మొగుడు సగం సముద్రానిది. నాకు మిగిలింది సగమే, ఆ సగాన్నీ చివరికి సముద్రమే తీసుకుపోయింది. ఇంకోసారి దేనితోనూ పంచుకోను ఆషాన్. దేవుడితో కూడా. ఈ పుట్టినరోజుకి నిన్ను విడిపించుకుని రా. లేదంటే మా అన్నయ్యవాళ్ళ తోటలో ఆకు కోతకి పోతాను. మళ్ళీ రాను."

"తాత నవ్వుతాడు" అన్నాడు ఆషాన్ దిగులుగా.

"నవ్వితే నేనూ వస్తాను. ఎందుకు నవ్వుతున్నాడో కనుక్కుందాం."

పుట్టినరోజున గుడి నిండా జనం. దింగ్ మావయ్య చెక్కలు వేశాడు. నవ్వు. జనమంతా హాయిగా గొల్లుమన్నారు. ఏటా చూసే తమాషాయే.

సూయున్ మాత్రం నవ్వలేదు. చెక్కల దగ్గర గొంతుక్కూర్చుంది. "ఏటా ఒకటే అడుగుతున్నారు మావయ్యా, వదులుతావా అని. ఎందుకు నవ్వుతున్నావని అడిగారా?"

"దేవుణ్ణి ఎందుకు అనకూడదమ్మా. అవునా కాదా అనే అడగాలి. ఉన్నవి రెండు చెక్కలే కదా."

"అయితే అలాగే అడుగుదాం. పిండివంటలు నచ్చలేదేమో అడగండి."

చెక్కలు పడ్డాయి. కాదు.

"ఆషాన్ మీద కోపమా?"

కాదు.

"నా జాడీ సంగతి కూడా అడుగమ్మా" అన్నాడు వెనకనించి హొంగ్‌ఫా.

"ఉండండి బాబాయ్." సూయున్ కాసేపు తాత మూసిన కంటివైపు చూసింది. కొండల్లో దారి తప్పినప్పుడు మొదట నడిచిన చోటుకే వెనక్కి పోవాలని వాళ్ళ నాన్న చెప్పేవాడు. "అసలు మొదటిది అడగండి మావయ్యా. ఇతను నీ బిడ్డేనా అని."

దింగ్ మావయ్య నోరు తెరిచాడు. అలాంటి ప్రశ్న ఆ గుడిలో ఎవరూ అడగలేదు. ఎర్రతాడు కనపడుతూంటే అడగడమేమిటి. అయినా వేశాడు. రెండు చెక్కలూ ఉబ్బు పైకి పెట్టి, కదలకుండా పడ్డాయి.

కాదు.

చెక్కలు తుడిచి మళ్ళీ వేశాడు. కాదు. ఇంకోసారి. కాదు.

 జనాన్ని తోసుకుని హొంగ్‌ఫా ముందుకొచ్చాడు. "మరి నా జాడీలో ఉప్పునీళ్ళు పోసిందెవడు?"

ఆషాన్ మణికట్టు మీది తాడు పట్టుకుని చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఊరు తన మాట నమ్మకపోతే, పోనీలే, దేవుడి బిడ్డనైనందుకు అని సర్దుకున్నాడు. ఇప్పుడు ఆ దేవుడు వీడెవడో నాకు తెలీదంటున్నాడు.

ఇంటికొచ్చేసరికి లాన్‌జీ గడపలో కూర్చుని ఆల్చిప్పలు విప్పుతోంది. డెబ్బై దాటినా కత్తి ఆడే తీరు చూస్తే కన్ను చెదురుతుంది.

"పిన్నీ, నన్ను తాతకి దత్తత ఇవ్వలేదా?"

"పక్కింటోడి సంగతులు నాకేం తెలుసు. మీవాళ్ళని అడుగు."

"పక్కిల్లు పడిపోయి ఇరవై ఏళ్ళయింది పిన్నీ."

లాన్‌జీ అతని భుజం మీదుగా వీధిలోకి చూసింది, అక్కడెవరో నిలబడ్డట్టు. పెదాల మీద కత్తి మొన ఆనించింది. "లోపల చేట ఉంది, తీసుకురా" అంది గట్టిగా.

సూయున్ బతిమాలింది. ఆమెకీ చేట తెమ్మనే చెప్పింది.

బయటికొచ్చాక సూయున్ ఆషాన్‌తో అంది. "దేవుడు నా బిడ్డ కాదంటాడు. ఈవిడ నా బిడ్డ కాదంటుంది. ఎవరి ముందు వంగి పెళ్ళి చేసుకుంటాం మనం? ఎవరిదీ కాని వస్తువుని ఎవరైనా వచ్చి నాదేనని పట్టుకుపోవచ్చు. ఆవిడ ఒక్కసారి నిజం చెబితే ఉండిపోతాను. రేపు పొద్దుటి బస్సు దాకా చూస్తాను."

ఆషాన్ ఆ రోజు కొట్టు తియ్యలేదు. ఇంట్లో రోలు ముందు ఊరికే కూర్చున్నాడు. లాన్‌జీ అటూ ఇటూ తిరుగుతూ అతన్నే చూసింది.

మర్నాడు పొద్దున్న రేవు దగ్గర బస్సాగింది. సూయున్ మూట దింపి టిక్కెట్టు తీసుకునేలోపు, లాన్‌జీ ఎక్కణ్ణించొచ్చిందో వచ్చి ఆ మూట మీద కూర్చుంది. చేతిలో ఆల్చిప్పల కత్తి అలాగే ఉంది.

"లే పెద్దమ్మా, బస్సు పోతుంది."

"పోదు. ఓ డ్రైవరబ్బాయ్, హారన్ కొట్టు."

"ఎందుకవ్వా?"

"కొట్టమంటే కొట్టు. నేను ఆపమనేదాకా చెయ్యి తియ్యకు."

కత్తి చూసి డ్రైవరు మారుమాట్లాడలేదు. హారన్ మోగడం మొదలైంది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి, కిటికీలు తెరుచుకున్నాయి. ఆ గోలలో లాన్‌జీ ఒక చేత్తో సూయున్ మెడ, ఇంకో చేత్తో ఆషాన్ మెడ వంచి, వాళ్ళ చెవుల దగ్గర నోరు పెట్టింది. నలభై ఏళ్ళకి పైగా పొంచి ఉన్న దయ్యానికి బస్సు హారన్‌లో తన మాట వినపడకూడదు. అదీ ఆమె ఎత్తు.

"వాణ్ణి ఇవ్వలేదు" అంది. "ఎలా ఇస్తాను? తాత ముందు నిలబడి నా కొడుకు, పేరు ఫలానా, అని పైకి చెప్పాలి. ముగ్గుర్ని మింగిన దయ్యం నా వెనకే నిలబడి వినట్లేదూ? అందుకని నా పేరు చెప్పాను. నన్ను దత్తత తీసుకో తాతా అన్నాను. నువ్వు నీ బిడ్డని చూసుకో, పక్కింటివాడి బిడ్డని నేను చూసుకుంటాను అన్నాను. ముందు నవ్వాడు. తరవాత సరేనన్నాడు. తాడు నాది. వీడి చేతికి ఊరికే కట్టాను, దయ్యం చూసి జడుసుకోడానికి."

"అవ్వా, చెయ్యి నొప్పెడుతోంది" అని అరిచాడు డ్రైవరు.

"కొట్టు" అంది లాన్‌జీ.

ఆషాన్ ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఏదో మెల్లగా అర్థమవుతోంది. "లాగులు?"

"నేనే."

"మంగలి బోర్డు?"

"కుర్చీ వేసుకున్నాను. చాలా బరువు."

"నేను కాలికి తాడు కట్టుకుని పడుకున్నాను పిన్నీ."

"తెలుసు. విప్పి మళ్ళీ కట్టిందీ నేనే." కత్తి ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు బొత్తిగా అబద్ధం చెప్పలేని వెధవవయ్యావు. మెత్తటివాడివని దయ్యానికి తెలిస్తే ఎంతసేపు? ఊరంతా వీడు కోతి బిడ్డ, వీడి జోలికి పోకూడదు అని అనుకుంటూ ఉండాలి. నువ్వు కూడా అనుకోవాలి. దాన్ని ఏటా నిలబెట్టడానికి నా నడుం పడిపోయింది."

ఆషాన్ ఆమె నడుంవైపు చూశాడు. తనలోపలి ఇంకొకడి కోసం ఎన్నేళ్ళు వెతుక్కున్నాడు. వాడు గోడకి అవతలి మంచం మీద పడుకుని, నడుంకి వేడి ఇటిక పెట్టుకుని మూలిగిన ముసలావిడ.

చెయ్యెత్తి లాన్‌జీ హారన్ ఆపించింది. అప్పటికి సగం ఊరు రేవులో ఉంది. ఏమైంది ఏమైందని అడుగుతున్నారు. బస్సు డ్రైవరు ఇంక ఆగనన్నాడు. సూయున్ అతనితో, "మీరు పోండి" అంది. కానీ మూట మాత్రం ఇంకా ఎత్తుకోలేదు. "విన్నాను పెద్దమ్మా. ఇప్పుడు చెక్కలు కూడా చెబితే నమ్ముతాను."

"కొండదానివి అనిపించావు" అంది లాన్‌జీ, లేస్తూ. ఆ మాటలో కోపం లేదు.

గుడిలో ఈసారి చెక్కలు ఆమే వేసింది. సూయున్ చెప్పినట్టే దింగ్ మావయ్య అడిగాడు. "తాతా, ఈవిడ నీ బిడ్డేనా?" ఒకటి చదును, ఒకటి ఉబ్బు. మళ్ళీ వేస్తే మళ్ళీ అదే. ఇంకోసారీ అదే.

గుంపులోంచి హొంగ్‌ఫా గొంతు లేచింది. "అంటే నా జాడీ..."

"సారాలో నీళ్ళు కలిపింది నువ్వు" అంది లాన్‌జీ వెనక్కి తిరక్కుండా. "నేను కాస్త ఉప్పు వేశాను, అంతే."

గుడి పైకప్పు అదిరేలా నవ్వారు జనం. హొంగ్‌ఫా మొహం దాచుకోడానికి చోటు వెతుక్కున్నాడు. దింగ్ మావయ్య కళ్ళు తుడుచుకుంటూ, "మరి నిన్ను విడిపించమని అడగనా అక్కా? పదహారు దాటి చాలా కాలమైందిగా" అన్నాడు.

"ఇప్పుడు విడిపించుకుని నేనేం పెళ్ళి చేసుకోవాలా. ఉండనీ. ఈ వయసులో తాతకి మాత్రం ఎవరున్నారు."

సూయున్ ఆషాన్ చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూసింది. కత్తి లాన్‌జీ ఇచ్చింది. రంగు వెలిసిన తాడు తెగి కింద పడింది. తాడు ఉన్నచోట చర్మం తెల్లగా, పసిపిల్లాడి ఒంటిలా ఉంది. సూయున్ దాని మీద బొటనవేలు పెట్టి రుద్దింది. తరవాత మూట తీసి ఆషాన్ భుజాన పెట్టింది. "పద, ఇంటికి."

ఆ మధ్యాహ్నం ముగ్గురూ సేమ్యాలు తింటున్నారు. పెళ్ళిలో పెద్దల కుర్చీలో కూర్చోడానికి లాన్‌జీ ఒప్పుకుంది. కాకపోతే ఎవరూ ఆమెని ఏ వరసా పెట్టి పైకి పిలవకూడదు. వచ్చి వంగాలి, ఊరుకోవాలి.

"మరి నేను లోపలికొచ్చేటప్పుడు? కొత్తకోడలు గడప దాటుతుంటే దయ్యం చూడదా?" అంది సూయున్.

లాన్‌జీ చేతిలోని తినే పుల్లలు గిన్నెలో ఆగిపోయాయి. ఆ సంగతి ఆమెకి తట్టలేదు. ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగింది. "మీ కొండల్లో దయ్యాలు దేనికి మోసపోతాయే?"

"మా వైపు దయ్యాలు మనిషిని చూడవు, అడుగులు చూస్తాయి. అందుకని మా దగ్గర కోడలు వాకిట్లో బూడిద చల్లించుకుని, దాని మీద వెనక్కి నడుస్తూ ఇంట్లోకొస్తుంది. పొద్దున దయ్యం వచ్చి చూస్తుంది. ఓహో, ఈ ఇంట్లోంచి ఎవరో పోయారు, ఇంక మనకేం పని, అనుకుని వెళ్ళిపోతుంది."

"వెనక్కా" అంది లాన్‌జీ. ఆమె కళ్ళు మెరిశాయి. గిన్నె పక్కన పెట్టి, పొయ్యిలోంచి చారెడు బూడిద ఎత్తి వాకిట్లో చల్లింది. "ఒరేయ్, లే. నువ్వు నడు, ఎలా ఉంటుందో చూద్దాం."

ఆషాన్ నోట్లో సేమ్యా నోట్లో ఉండగానే లేచాడు. వీధిలోంచి, చేతులు కాస్త చాపి, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ ఇంటివైపు వస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళూ గడపలో గొంతుక్కూర్చుని, తలలు దగ్గర పెట్టుకుని, అతన్ని కాదు, అతని మడమలు చూస్తున్నారు.